మోగని ఫోను పద్యం: టీకా తాత్పర్య సహితం

తే.గీ.
సొంత పెట్టెను దెచ్చిన సుగుణశాలి!
నెట్టు వచ్చును వేగమై నిమిషమందు;
ఫోను మోగదు, దానికి బుద్ధి చెప్పు
గుట్టు సంస్థదే, నీకది కుదర దనిరి.

అవతారిక

మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి వ్యాఖ్యానాలు రాసినవాడు మన మెదకు సీమకు చెందిన మల్లినాథసూరి. ఆయన వ్యాఖ్యానించింది కాళిదాసును గనక ఆ ప్రతిజ్ఞ చెల్లింది. బ్రాడ్‌బ్యాండు పద్యానికి అది చెల్లదు. మనకు కావలసినదేదో సంస్థవారు మూలంలోంచి ముందే తీసేసి ఉంటారు.

పద్యకర్త ఎవరో తెలియదు. నెలనెలా బిల్లు కట్టేవాడని శైలిని బట్టి ఊహించవచ్చు. సందర్భం ఇది. ఒక గృహస్థు ఇంటికి ఫైబర్ కనెక్షన్ వచ్చింది, దాంతోపాటు ల్యాండ్‌లైన్ నంబరూ వచ్చింది. కంపెనీ ఇచ్చిన పెట్టెలోని వైఫై వెనకగది గుమ్మం దాటదు. ఆయన మంచి పెట్టె ఒకటి కొన్నాడు. టెక్నీషియన్ వచ్చి, దాని సీరియల్ నంబరు ఆఫీసుకు చెప్పి ఎక్కించి, టీ తాగి వెళ్లాడు. పెట్టె మీద, ఫైబర్ లైను అందిందని చెప్పే పాన్ దీపం పచ్చగా వెలిగింది, ఫోన్ దీపం వెలగలేదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, అదీ సెల్లులోంచి, వచ్చిన జవాబు సారాంశమే పై పద్యం.

ప్రతిపదార్థం

సొంత పెట్టెను = తన డబ్బుతో కొన్న, ఫైబర్ తీగ తగిలించే ఓఎన్‌టీని గాని, రౌటరును గాని, మామూలు ఫోనును నెట్టుకు కలిపే అడాప్టరును గాని; తెచ్చిన = పండగ ఆఫరులో తెప్పించిన; సుగుణశాలి = ఓ మంచివాడా! (పొగడ్త వేషం కట్టిన నింద గనక వ్యాజస్తుతి); నెట్టు = ఇంటర్నెట్టు; నిమిషమందు = నిమిషంలో. ‘పావుగంటలో’ అని కొందరి పాఠం. పెట్టె రీస్టార్టయ్యే తీరు చూస్తే అదే సరైనదేమో గాని, ఛందస్సు ఒప్పుకోదు. ఫోను = ఆర్‌జే-11 తీగ తోక గల పాత యంత్రము; మోగదు = మోగకపోవడమే కాదు, ఎత్తి చెవిన పెట్టుకుంటే డయల్ టోనూ రాదు; గుట్టు = సిప్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, సర్వరు చిరునామా, వీలాన్ సంఖ్య, వెరసి నాలుగు; అనిరి = అన్నారు. ఎవరన్నారు? కర్త లేడు. ఫిర్యాదు నంబరు ఇచ్చినవారొకరు, ‘పరిష్కరించబడింది’ అని మెసేజి పంపినవారు వేరొకరు. ఇది వ్యాకరణ దోషం కాదు, సంస్థాగత లక్షణం.

రసం కరుణ. ఉద్దీపన విభావం హోల్డులో వినిపించే సంగీతం.

వ్యాఖ్య

నెట్టు వచ్చిన పెట్టెలోనే ఫోను ఎందుకు మోగదని శిష్యుడి శంక. రెండింటి దారులు వేరు. ఫైబర్ మీద పెట్టెను గుర్తుపట్టేది దాని సీరియల్ నంబరు. మొదటి నాలుగక్షరాలు తయారీదారువి, తక్కిన ఎనిమిదీ ఆ పెట్టెవి. ఈ పన్నెండూ కంపెనీ యంత్రంలో ఎక్కితే లైను పలుకుతుంది. చాలా కనెక్షన్లలో నెట్టుకు వేరే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఉంటాయి, అవి అడిగితే చెబుతారు. మాట మాత్రం అదే తీగలో వీలాన్ అనే వేరే గొట్టంలో, తరచు వేరే ఐపీ చిరునామాతో నడుస్తుంది. ఆ గొట్టం సంఖ్య తెలియని పెట్టెకు ఫోన్ సర్వరు ఉందన్న సంగతే తెలియదు.

తెలిసినా చాలదు. పెట్టె సర్వరు దగ్గరికి వెళ్లి ‘ఫలానా నంబరు నేనే’ అని నమోదు చేసుకోవాలి. సర్వరు వెంటనే 401 అంటుంది. అది కసురుకోవడం కాదు, ఆనవాలు అడగడం. అప్పటికప్పుడు ఒక సంఖ్య పడేసి, దాన్ని నీ పాస్‌వర్డ్‌తో కలిపి లెక్కగట్టి జవాబు తెమ్మంటుంది. పాస్‌వర్డ్ తీగ మీదికి రాదు, లెక్క జవాబే వస్తుంది. లెక్క కుదిరితే 200 ఓకే. ఫోన్ దీపం వెలుగుతుంది.

కంపెనీ పెట్టెకు ఈ పాస్‌వర్డ్ ఎవరూ చెప్పనక్కర్లేదు. పెట్టె లేవగానే దూరం నుంచే నింపేస్తారు. కుతూహలం కొద్దీ అడ్మిన్ పేజీ తెరిచి వాయిస్ అన్నచోట చూస్తే, యూజర్‌నేమ్ గడిలో సాధారణంగా మన ల్యాండ్‌లైన్ నంబరే +91తో మొదలై కనిపిస్తుంది. దాని కింది గడిలో వరసగా నల్లచుక్కలు. పద్యంలోని ‘గుట్టు’ ఆ చుక్కల కిందే ఉంది.

ఇందులో విద్యారహస్యమేమీ లేదు. సిప్ అనే ఈ సంభాషణా పద్ధతిని ఆర్‌ఎఫ్‌సీ 3261 పేరిట 2002లోనే అందరూ చదువుకునేలా ప్రకటించారు. బజార్లో దొరికే అడాప్టరుకూ, కంపెనీ పెట్టెకూ భాష ఒకటే. పోనీ బరువా? మామూలు ఫోను మాట సెకనుకు 64 కిలోబిట్లు, పై కవర్లన్నీ కలుపుకున్నా 90 లోపే. వంద ఎంబీపీఎస్ లైనులో వెయ్యో వంతు రాదు. కాబట్టి ‘కుదరదు’ అన్నమాటకు ‘ఇవ్వము’ అనే అర్థం చెప్పుకోవాలి. హాలు అద్దెకిచ్చి, వంటవాడూ మావాడే ఉండాలనే ఫంక్షన్ హాలు యజమాని న్యాయం ఇది.

పూర్వపక్షం

సంస్థవారి వాదాన్ని తేలిగ్గా తీసేయరాదు. 5060 నంబరు ద్వారం తెరిచి ఉన్న యంత్రాల కోసం దొంగలు రాత్రింబగళ్లు నెట్టును గాలిస్తుంటారు. బలహీనమైన పాస్‌వర్డ్ దొరికితే తెల్లారేలోగా ఖరీదైన విదేశీ నంబర్లకు వందల కాల్స్ పోతాయి. బిల్లు మనకు, గొడవ వాళ్లకు. పైగా ల్యాండ్‌లైన్ నంబరు ఒక ఇంటి చిరునామాకు కట్టినది. గుట్టు పట్టుకెళ్లి ఇంకో ఊళ్లోంచి మాట్లాడితే? మరొకటి, సొంత రౌటరులో సిప్ ఏఎల్‌జీ అనే ఉపకారి ఒకడుంటాడు. అడక్కుండానే మాటల పొట్లాలు విప్పి చిరునామాలు దిద్దుతాడు. అది వికటిస్తే మన మాట అవతలికి వినిపిస్తుంది, వాళ్ల మాట మనకు రాదు. దానికీ తిట్లు కంపెనీకే. అడాప్టరుకు నంబర్ల తీరు నేర్పడం ఇంకో పని. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్లుకు చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలి. పరదేశపు లెక్కతో వచ్చిన అడాప్టరుకు ఆ సంగతేం తెలుసు?

సిద్ధాంతం

విదేశీ కాల్స్ మొదటే మూసి ఉంచి, అడిగినవాళ్లకే తెరవవచ్చు. ఆ పాస్‌వర్డ్ ఆ ఇంటి తీగ మీద తప్ప ఇంకెక్కడా చెల్లకుండా కట్టడి చేయవచ్చు. వేరే గొట్టం పెట్టుకున్నవాళ్లకు అదేం కష్టం కాదు. మిగిలిన తంటాలు కొన్నవాడివి.

దీనికి లోకంలో దృష్టాంతాలున్నాయి. అమెరికాలో హష్-ఎ-ఫోన్ అని రిసీవరుకు తొడిగే ఒక దొప్ప ఉండేది. పక్కవాళ్లకు మాట వినపడకుండా చేయడమే దాని పని, అందులో తీగా లేదు, కరెంటూ లేదు. దానివల్ల మా వ్యవస్థ చెడిపోతుందని ఏటీ అండ్ టీ వాదించింది. 1956లో కోర్టు ఆ దొప్ప పక్షానే తీర్పు చెప్పింది. 1968లో టెక్సస్‌వాడైన థామస్ కార్టర్ తన రేడియో పరికరాన్ని ఫోను లైనుకు కలుపుకునే హక్కును అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ దగ్గర గెలుచుకున్నాడు. జర్మనీవాళ్లు ఇంకా ముందుకు వెళ్లారు. 2016 ఆగస్టు 1 నుంచి అక్కడ సొంత పెట్టె వాడుకోవడం వినియోగదారుడి హక్కు. నెట్టుకూ, ఫోనుకూ కావలసిన వివరాలను ఒప్పందం నాడే, అడక్కుండానే, ఉచితంగా చేతిలో పెట్టాలి. మోసాల భయం, చిరునామాల బెంగ అక్కడి కంపెనీలకూ ఉన్నవే. అయినా ఇస్తున్నారు.

తాత్పర్యం

ఓ సుగుణశాలీ! నీ పెట్టెలో లోపం లేదు, నాలుగు ముక్కల సమాచారం లోపించింది. అది చేతికి వచ్చేదాకా కంపెనీ పెట్టెను తిరిగి ఇచ్చేయకు. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమని టెక్నీషియన్‌ను అడుగు. నెట్టును వెనక నీ రౌటరుకు వదిలి, ఫోను తీగను మాత్రం వాళ్ల పెట్టెలోనే ఉంచు. ఈ ఏర్పాటులో సాధారణంగా నెట్టుకు నీ రౌటరు, ఫోనుకు వాళ్ల పెట్టె, రెండూ పనిచేస్తాయి. కొత్తగా కనెక్షన్ తీసుకునేవాళ్లు సంతకానికి ముందే ‘సిప్ వివరాలు ఇస్తారా’ అని అడిగి, జవాబు మెయిల్లో రాయించుకోవాలి. పెట్టెకు డిపాజిట్ కట్టి ఉంటే రసీదు పారేయకండి.