పారబోయకు బిడ్డా

నేను సెపరేటింగ్ ఫనెల్‌ని. బేరిపండు ఆకారం, 250 మిల్లీలీటర్ల కడుపు, పైన గాజు మూత, కింద టెఫ్లాన్ కీ. ఒంట్లో ఎనభై పాళ్లు సిలికా, పదమూడు పాళ్లు బోరాన్ ఆక్సైడు. కాబట్టి వేడికి ఓర్చుకుంటాను. సింకులో జారితే మాత్రం నేనూ మామూలు గాజునే. హైదరాబాద్‌లో ఒక కాలేజీ ఎమ్మెస్సీ ల్యాబ్‌లో, స్టాండుకి బిగించిన ఇనప రింగులో కూర్చుని ఉంటాను.

పేరు చూసి నేనే వేరు చేస్తాననుకుంటారు. నిజానికి నేను చేసేదేమీ లేదు. ఒకదాంట్లో ఒకటి కలవని రెండు ద్రవాలు నాలో తమ సాంద్రతను బట్టి కిందా పైనా సర్దుకుంటాయి. ఎక్కడ ఆపాలో, ఏది ఉంచుకోవాలో కీ మీదున్న చెయ్యే తేల్చుకోవాలి. ఆ చెయ్యి కొత్తదైతే మొదటి రోజే తెలిసిపోతుంది. మూత తియ్యకుండా కీ తిప్పుతారు. నాలుగు చుక్కలు పడి ధార ఆగిపోతుంది. పైనుంచి గాలి రానిదే కింద ద్రవం ఎలా దిగుతుంది? "ఫనెల్ జామైంది సార్" అని నింద నా మీద వేస్తారు.

రెండో రోజు పాఠం ఊపడం. ఈథర్ పోసి మూతపెట్టి ఊపితే లోపల ఆవిరి ఒత్తిడి పెరుగుతుంది. ఒక్కసారి మెల్లగా తిప్పి, అరచేత్తో మూత అదిమిపట్టి, నన్ను తలకిందులు చేసి, ముక్కు ఎవరి మొహంవైపూ లేకుండా ఫ్యూమ్ హుడ్ లోపలికి చూపించి, కీ తెరవాలి. 'బుస్' మంటుంది. ఆ బుస తగ్గేదాకా మళ్లీ మళ్లీ అదే పని. ఎన్నిసార్లు చెయ్యాలని పిల్లలు అడుగుతారు. అంకె చెప్పేవాళ్లెవరూ లేరు, చెవి పెట్టి వినాల్సిందే.

మా ల్యాబ్‌లో ఆర్గానిక్ ప్రాక్టికల్స్ మీద వోగెల్ రాసిన, అట్ట ఊడిన పుస్తకం ఒకటుంది. మొదటిసారి 1948లో అచ్చయింది. రాసినాయన లండన్‌లో వూలిచ్ పాలిటెక్నిక్‌లో పనిచేశాడు. అలాంటి పుస్తకంలో 'గది ఉష్ణోగ్రత' అని ఉంటే అది రాసినవాళ్ల గది. మా గదికి ఏసీ లేదు. మే నెల మధ్యాహ్నం గోడ మీది థర్మామీటరు 38 చూపిస్తుంది. ఈథర్ 34.6 దగ్గరే మరిగిపోతుంది, డైక్లోరోమీథేన్ 40 దగ్గర. అంటే సీసా మూత తీసేసరికే సగం ప్రమాదం సిద్ధంగా ఉంటుంది. తడి పీల్చడానికి వేసే సోడియం సల్ఫేట్ కథ ఇంకా చిత్రం. పది నీటి అణువులను పట్టుకుని స్ఫటికం కట్టడం దాని పని. 32.4 డిగ్రీలు దాటితే ఆ పట్టు సడలిపోతుంది. జనవరిలో గడ్డలు కట్టి చక్కగా పనిచేసిన పొడి, మేలో చెంచాల కొద్దీ వేసినా కదలదు, మెదలదు. గడ్డ కట్టలేదు కాబట్టి తడి లేదనుకుని ముందుకెళ్లినవాళ్లు సాయంత్రానికి జిగురు తేలుస్తారు. గమనించినవాళ్లు ఫ్లాస్కును ఐసు నీళ్లలో పెడతారు, లేదా మెగ్నీషియం సల్ఫేట్ డబ్బా అందుకుంటారు. మాన్యువల్‌లో ఈ ముక్క రాసి లేదు.

ఇక అసలు విషయం. వరంగల్ వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి ఉండేది. చెయ్యి నెమ్మది, నోట్స్ శుభ్రం. ఒకసారి డైక్లోరోమీథేన్‌లో రియాక్షన్ చేసి, దాన్ని ఆవిరి చెయ్యకుండానే అంతే ఇథైల్ ఎసిటేట్ పోసి నాలోకి వంచింది. నీళ్లతో కడిగింది. తన పదార్థమున్న పొర కింద, నీళ్లు పైన. బాగానే ఉంది. తర్వాత సంతృప్త ఉప్పునీటితో కడిగింది. అలవాటుగా కింది పొరను ఫ్లాస్కులోకి దించుకుంది. పై పొరను వేస్ట్ క్యాన్‌లోకి వంచబోయింది.

"పారబోయకు బిడ్డా," అన్నాడు అటెండర్.

ఆయనకు రసాయన శాస్త్రం డిగ్రీ లేదు. గాజు సామాను కడిగే చేతులతోనే ఎన్నో బ్యాచ్‌లను చూశాడు. "సరుకు చేతికొచ్చి తూకమేసేదాక ఏదీ పారబోయద్దు. రెండు బీకర్లకు పేర్లు రాసి పక్కన పెట్టు."

"అది ఉప్పునీళ్లే అన్నా."

"ఎట్ల తెలుసు?"

ఆమె దగ్గర జవాబు లేదు. టెస్ట్‌ట్యూబులో కాసిని నీళ్లు తీసుకుని, తన పదార్థం ఉందనుకున్న కింది పొరలోంచి రెండు చుక్కలు వేసింది. నీళ్లలో నీళ్లలా కలిసిపోయాయి. పై పొర చుక్కలు మాత్రం విడిగా ఉండి అడుగుకి జారాయి. సరుకంతా వేస్ట్ క్యాన్ అంచు దాకా వెళ్లి ఆగిందన్నమాట.

అప్పుడు నోట్స్ వెనక పేజీలో లెక్క వేసింది. డైక్లోరోమీథేన్ 1.33, ఇథైల్ ఎసిటేట్ 0.90. సగం సగం కలిస్తే 1.1 చిల్లర. నీళ్లు 1.0 కాబట్టి మొదట కింద ఉంది. సంతృప్త ఉప్పునీళ్లు 1.2, కాబట్టి ఈసారి పైకెక్కింది. క్లోరిన్ ఉన్న ద్రావణి కిందికి పోతుందన్న సూత్రం తప్పు కాదు. కానీ నాలో ఉన్నది ఒక్క ద్రావణి కాదు. సూత్రాన్ని బట్టి పొరను గుర్తుపట్టడం కంటే రెండు చుక్కలు వేసి పొరనే అడగడం నయమని నా అభిప్రాయం. అర నిమిషం పని.

మొదటి సంవత్సరం మగపిల్లల వల్ల నాకు కలిగే బాధ వేరు. టీపొడి నుంచి కెఫీన్ తీసే ప్రాక్టికల్ ఉంటుంది. 1819లో రూంగె అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని కాఫీ గింజల నుంచి తీశాడు, గింజలిచ్చి చూడమన్నది మహాకవి గోథే. మావాళ్లు మాత్రం ఇరానీ చాయ్ డికాక్షన్ అంత చిక్కగా మరిగించిన టీలో సోడియం కార్బొనేట్ వేసి, చల్లార్చి, డైక్లోరోమీథేన్‌తో నాలో పోస్తారు. టానిన్లు సోడియం లవణాలై నీళ్లలో ఉండిపోతాయి. అంతవరకు మంచిదే, కానీ అవి సబ్బు స్వభావం కలవి. మజ్జిగ చిలికినట్టు ఊపితే రెండు పొరల మధ్య గోధుమరంగు నురగ గడ్డ లేస్తుంది. ఇక గంటసేపు దిగదు. మెల్లగా తిప్పితే చాలని చెప్పినా బలం చూపించకుండా ఉండలేరు. అటెండర్ కాస్త ఉప్పునీళ్లు పోయిస్తాడు, గాజు కడ్డీతో గోడ వెంట తిప్పిస్తాడు, అప్పటికీ లొంగకపోతే దూది ముక్కలోంచి వడకట్టిస్తాడు. ఆ గంట వాళ్ల ఫోన్లన్నీ జేబుల్లోనే ఉంటాయి, నా వైపు చూస్తూ నిలబడతారు. ఊపేముందు ఆలోచించడం అక్కడ పుడుతుందేమో.

ఏడాది చివర పరీక్షకి ఒకసారి మూడు పదార్థాల మిశ్రమం ఇచ్చారు. అందరూ ఈథర్‌లో కరిగించి నాలాంటివాటిలో పోశారు. బైకార్బొనేట్ పోస్తే బెంజోయిక్ ఆమ్లం మాత్రమే లవణమై నీళ్లలోకి దిగుతుంది. ఆమ్ల బలాన్ని చెప్పే పీకేఏ దానికి 4.2. బీటా నాఫ్తాల్‌ది 9.5, అది లొంగదు, సోడియం హైడ్రాక్సైడు కావాలి. నాఫ్తలీన్ దేనికీ లొంగక ఈథర్‌లోనే మిగులుతుంది. బైకార్బొనేట్ పోసినప్పుడు పొంగు ఆగేదాకా వరంగల్ అమ్మాయి నాకు మూత పెట్టలేదు. చివర హైడ్రాక్సైడు జాడ లేకుండా కడిగింది, లేకపోతే మూత గాజుకి గాజు అంటుకుని ఊడదు.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆమె ఫలితాలు చూశాడు. ఆమ్లం 122 డిగ్రీల దగ్గర కరిగింది, నాఫ్తాల్ కూడా ఆ పక్కనే. "రెండూ ఒకటే పదార్థమేమోనమ్మా?"

"రెండూ కలిపి నూరి మళ్లీ చూశాను సార్. చాలా ముందే మెత్తబడింది. ఒకటే అయితే అక్కడే కరగాలి."

"ఇచ్చినదాని కంటే బరువు తగ్గిందే?"

"పొరల మధ్య కొంత వదిలేశాను, ఫిల్టర్ కాగితానికి కొంత అంటుకుంది. నాఫ్తలీన్ ఆరబెట్టినప్పుడు కొంత గాల్లోకి పోయింది సార్."

ఆయన ఏదో రాసుకుని పక్క బల్లకి జరిగాడు. అక్కడి అబ్బాయికి ఇచ్చినదాని కంటే ఎక్కువ వచ్చింది, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. ఎగ్జామినర్ పొడిని గరిటెతో నొక్కాడు, వాచ్‌గ్లాసు మీద తడి మెరిసింది.

"నీళ్లకు కూడా మార్కులేయమంటావా నాయనా? ఆరబెట్టి పట్టుకురా, నేను నాలుగింటి దాకా ఇక్కడే ఉంటాను."