రహ్మాన్ లెక్క, రంగుల బొమ్మ

మా రోజుల్లో కంప్యూటర్లు లేవు కాబట్టి పదార్థాల ఉపరితలం సంగతి మాకు తెలియదనుకుంటారు ఇప్పటి పిల్లలు. ఎందుకు తెలియదు? ఏలూరులో బీయస్సీ కెమిస్ట్రీ చదివిన మా ఈడువాళ్లందరం బొగ్గుపొడిని ఎసిటిక్ ఆమ్లంలో వేసి, బిరడా బిగించి, చేతులు లాగేదాకా కుదిపినవాళ్లమే. వడగట్టి, మిగిలిన ఆమ్లం ఎంతో టైట్రేషన్ చేసి తేల్చేవాళ్లం. బ్యూరెట్‌లోంచి చుక్క ఎక్కువ పడితే మళ్లీ మొదటికి రావాల్సిందే. క్లార్క్స్ టేబుల్స్ తిరగేసి, గ్రాఫు కాగితం మీద లాంగ్‌మ్యూర్ గీత గీసి, గ్రాము బొగ్గు ఎంత ఆమ్లాన్ని పట్టి ఉంచుతుందో, దాని ఉపరితలం ఎన్ని చదరపు మీటర్లో చెప్పేవాళ్లం. గీత వంకరపోతే ఎందుకు పోయిందో చెప్పందే రికార్డు మీద సంతకం పడేది కాదు.

ఇప్పుడో? ఈమధ్య ఒక కుర్రాడు లాప్‌టాప్ తెచ్చి బంగారు నానోరేణువును చూపించాడు. గుండ్రంగా తిరుగుతోంది, పైపొర ఒక రంగు, లోపల ఇంకో రంగు. చూడముచ్చటగా ఉంది. "పరమాణువుల మధ్య బలానికి ఏ సూత్రం వాడావు బాబూ?" అన్నాను. "సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుందండి," అన్నాడు. "దేనితో పోల్చి చూశావు?" అన్నాను. "పోల్చడం ఏంటి మాస్టారూ, ఇది సిమ్యులేషన్ కదండీ!" అన్నాడు. తెలివైన పిల్లాడే. అడగాల్సిన ప్రశ్న అడగడం అతనికి ఎవరూ నేర్పలేదు. నా బాధంతా అదే.

ఈ విద్యకు పునాది వేసినవాళ్లలో ఒకరు మన హైదరాబాదులో పుట్టారని కూడా ఆ పిల్లాడికి తెలియదు. అనీసుర్ రహ్మాన్ 1927లో పుట్టారు. కేంబ్రిడ్జిలో, బెల్జియంలో చదివి, ఉస్మానియాలో పాఠాలు చెప్పి, అమెరికాలోని ఆర్గోన్ జాతీయ ప్రయోగశాలకు వెళ్లారు. 1964లో ఆయన ద్రవ ఆర్గాన్ మీద ఒక పరిశోధనా పత్రం రాశారు. సీడీసీ 3600 అనే కంప్యూటర్‌లో 864 పరమాణువులను పెట్టి, ఒక్కొక్కదాని మీద మిగతావాటి బలం లెక్కగట్టి, న్యూటన్ సూత్రంతో అడుగడుగునా కదిపారు. ఒక్కో అడుగు సెకనులో లక్ష కోట్ల వంతులో వందో భాగం. అదే సంవత్సరం బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్‌కూ అదే మోడల్ కంప్యూటర్ వచ్చింది. అప్పట్లో దేశం మొత్తానికి అదో అద్భుతం.

లెక్క చేయడంతో రహ్మాన్ పని అయిపోలేదు. ఆర్గాన్‌లో పరమాణువులు ఎంత వేగంగా వ్యాపిస్తాయో, ఒకదానికొకటి ఎంత దూరంలో ఉంటాయో తన లెక్కలోంచి తీసి, ప్రయోగాల్లో కొలిచిన అంకెల పక్కన పెట్టారు. 1971లో స్టిలింగర్ అనే శాస్త్రవేత్తతో కలిసి 216 నీటి అణువులను లెక్కించినప్పుడూ అంతే, ప్రయోగం చెప్పినదానితో తమ బలసూత్రాన్ని పోల్చి, ఎక్కడ సవరించాలో రాశారు. 1977లో ఆయనకు దక్కిన బహుమతి లాంగ్‌మ్యూర్ పేరిట ఇచ్చేదే. మేము బొగ్గుపొడితో గీసిన గీత కూడా ఆ లాంగ్‌మ్యూర్‌దే.

సిమ్యులేషన్ వద్దని నేను అనడం లేదు. మా లాంగ్‌మ్యూర్ సూత్రం ఉపరితలం మీది చోట్లన్నీ ఒకటేనని అనుకుంటుంది. నానోరేణువు దగ్గర ఆ మాట చెల్లదు. ఎనిమిది త్రిభుజాలు, ఆరు చతురస్రాలు ముఖాలుగా ఉన్న ఆకారంలో 55 బంగారు పరమాణువులను పేర్చండి. 42 పైపొరలోనే ఉంటాయి. వాటిలో 12 మూలల్లో, 24 అంచుల మీద, 6 చతురస్రాల నడుమ. లోపలున్న పరమాణువుకు పొరుగువాళ్లు 12 మంది, మూలనున్నదానికి ఐదుగురే. బంతి భోజనంలో చివరాకు దగ్గర కూర్చున్నవాడు దారినపోయేవాణ్ణి పలకరించినట్టు, ఆ మూలలోది కొత్తగా వచ్చే అణువును ముందుగా పట్టుకుంటుంది. ఏ మూల దేన్ని ఎంత గట్టిగా పట్టుకుందో బ్యూరెట్ చెప్పలేదు, కంప్యూటర్ చెబుతుంది. అయితే ముద్ద బంగారం 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంటే, కొద్ది నానోమీటర్ల రేణువు వందల డిగ్రీల ముందే కరుగుతుందని 1976లో బుఫా, బోరెల్ అనే శాస్త్రవేత్తలు ప్రయోగంలో కొలిచి చూపించారు. అలాంటి కొలతను అందుకోలేని సిమ్యులేషన్ ఎంత అందంగా తిరిగినా రంగుల బొమ్మే.

ఏలూరులో కూర్చుని ఇంత గట్టిగా అడగడానికి నాకు కారణం ఉంది. 2020 డిసెంబరులో మా ఊళ్లో వందలమంది మూర్ఛతో పడిపోయారు. రోగుల రక్తనమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. నీటిలోని సీసాన్ని ఐరన్ ఆక్సైడ్ నానోరేణువులు తమ ఉపరితలం మీద పట్టుకోగలవు. కాబట్టి ఈ చదువు మా ఊరికి కావాలి. కానీ తెర మీది సిమ్యులేషన్ పెట్టెలో ఉండేది శుభ్రమైన నీళ్లు. బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చేదంతా మా కొల్లేరు సరస్సులో కలుస్తుంది. చేపల చెరువుల నీళ్లు కలుస్తాయి. వేసవిలో ఉప్పుటేరు గుండా సముద్రపు ఉప్పు ఎగదన్నుతుంది. కుళ్లిన గుర్రపుడెక్క నుంచి వచ్చే సేంద్రియ పదార్థం రేణువు మీద పొరగా పట్టేస్తుంది. సీసం దిగాల్సిన చోటును అది ముందే ఆక్రమిస్తుంది. ఉప్పు ఎక్కువైతే రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయి. అప్పుడు మనం లెక్కపెట్టుకున్న ఉపరితలంలో సగం కూడా మిగలకపోవచ్చు. శుభ్రమైన నీళ్లలో వచ్చిన అంకెను నమ్మి కొల్లేటి ఊళ్లకు ఫిల్టర్ పెట్టడం నాకు ఒప్పుదల కాదు.

2015లో తాడేపల్లిగూడేనికి ఎన్ఐటీ వచ్చింది. మేము కుర్రాళ్లుగా ఉన్నప్పుడు ఈ చుట్టుపక్కల అలాంటి చదువు దొరుకుతుందని కలలో కూడా అనుకోలేదు. రహ్మాన్ వాడినదానికంటే ఎన్నోరెట్లు పెద్ద కంప్యూటర్ ఇవాళ పిల్లల ఒళ్లో ఉంది. ఆయనకున్న పట్టుదల కూడా వాళ్లకు అలవడాలి. గురువులకు నా మనవి ఇది. నానోరేణువు సిమ్యులేషన్ ఏది మీ ముందుకొచ్చినా మూడు ప్రశ్నలు అడగండి. బలసూత్రం ఎవరిది, దాన్ని దేనికోసం కట్టారు? మూలల్లో ఎన్ని పరమాణువులు, అంచుల్లో ఎన్ని, ముఖాల మీద ఎన్ని? ప్రయోగంలో కొలిచిన అంకె ఏది? మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే ఆ పిల్లాడి చేతికి ఖాళీ సీసా ఇచ్చి కొల్లేటికి పంపండి. ఆ నీళ్లలో రేణువులు వేసి, కుదిపి, వడగట్టి, మిగిలిన సీసం కొలిచి, ఆ అంకెను తెరమీది అంకె పక్కన రాశాకే రికార్డు మీద సంతకం పెట్టండి.