చదరపు అడుగుకో తత్త్వం

నానక్‌రామ్‌గూడలో ఫిలాసఫీ లేనిది లేదు. అపార్టుమెంటు బ్రోచర్ తిప్పితే ఫ్లోర్ ప్లాన్ కంటే ముందు ‘మా ఫిలాసఫీ’ ఎదురవుతుంది. జిమ్‌కొకటి, ప్లేస్కూల్‌కొకటి, మ్యూచువల్ ఫండ్‌కైతే ఏకంగా ‘ఇన్వెస్ట్‌మెంట్ ఫిలాసఫీ’. అదే విప్రో సర్కిల్ పక్కన ఏ టవర్లోనో, మీటింగ్ మధ్యలో ఓ టెస్టర్ “అసలీ ఫీచర్ ఎవరికి కావాలి?” అన్నాడనుకోండి, మేనేజర్‌కి చిర్రెత్తుకొస్తుంది. “ఫిలాసఫీ చెప్పకు బాస్, ఈటీఏ ఎంతో చెప్పు.”

పాపం, సోక్రటీసు లెక్కలో ఆ టవర్ మొత్తం మీద ఫిలాసఫీ అనదగ్గది ఆ ఒక్క ప్రశ్నే.

గ్రీకులో ఆ మాటకు జ్ఞానం మీద ప్రేమ అని అర్థం. ప్రేమ ఉందంటే ఆ వస్తువు ఇంకా చేతికి రాలేదనే, అంటుంది ప్లేటో ‘సింపోజియం’. బ్రోచర్ జ్ఞానానికి ఆ బాధ లేదు, అది రెడీ టు మూవ్.

మాటకారితనం గొడవ వేరు. క్రీ.పూ. 427లో సిసిలీలోని లియోంటిని నగరం తరఫున రాయబారిగా వచ్చిన గోర్గియాస్ ఏథెన్స్‌ను తన ప్రసంగంతో ఊపేశాడు. ఆయన పేరు మీదే రాసిన సంభాషణలో ప్లేటో ఈ ప్రసంగ విద్యను వంటవాడి పనితనంతో పోల్చాడు. నాలుక మెచ్చితే చాలు, ఒంటికి పడుతుందా లేదా అన్నది వైద్యుడి తలనొప్పి. ఇవాళ్టి పిచ్ డెక్‌కు ఇంతకంటే మంచి సమీక్ష రాలేదు.

అలాగని సాఫ్ట్ స్కిల్స్ ట్రైనర్లందరినీ, ఫీజు పుచ్చుకుని మాటకారితనం నేర్పిన ఆనాటి సోఫిస్టులతో కలిపి తిట్టిపోయడం తేలికే గానీ, మధ్యలో ఐసోక్రటీస్ అడ్డొస్తాడు. ప్రసంగకళ నేర్పుతూ దానికే ఫిలాసఫీ అని పేరు పెట్టుకున్నవాడాయన. ఫీజు 1000 ద్రాఖ్మాలు, రోజుకో ద్రాఖ్మా తెచ్చుకునే పనివాడికి దాదాపు మూడేళ్ళ కూలి. కానీ చెడ్డవాణ్ణి మంచివాడిగా మార్చే విద్య ఏదీ లేదని ముందే చెప్పేశాడు. నికరమైన జ్ఞానం మనిషికి అందదనీ, ఎక్కువసార్లు మేలైన దారిని ఊహించగలిగినవాడే వివేకి అనీ ఆయన వాదన.

మూడు నాలుగు వందల ద్రాఖ్మాలకే నీతినీ ఆనందాన్నీ అమ్మేవాళ్ళను ‘సోఫిస్టులకు వ్యతిరేకంగా’లో ఆయన ఉతికి ఆరేశాడు. వాళ్ళు న్యాయం నేర్పుతామంటారు, ఆ శిష్యులనే నమ్మలేక ఫీజు మూడోమనిషి దగ్గర డిపాజిట్ చేయించుకుంటారు! ఇక్కడా అంతే. రిసెప్షన్ గోడ మీద ‘నమ్మకమే మా ఫిలాసఫీ’, గేటు దగ్గర బ్యాగు తనిఖీ.

ఇంతకీ ఆ టెస్టర్ అప్రైజల్‌లో ‘కమ్యూనికేషన్ మెరుగుపడాలి’ అని పడింది. శనివారం వర్క్‌షాప్‌కు పంపుతున్నారు.