అర్ధరాత్రి ఆవకాయ: టీకా తాత్పర్యం

ఆ.వె.
పగలు కునుకు వచ్చు పరుపెక్కమన్నట్లు
రాత్రి రెండు కొట్ట రాదు నిద్ర
డాలసందు దిగిన డస్సిన మేను తా
నింటి గడియ విడువదెంతకైన

ప్రతిపదార్థం: డాలసందు = డాలస్ మహానగరమున; దిగిన = కొడుకు కొనిచ్చిన టికెట్టుతో విమానం దిగిన; డస్సిన మేను తాను = దాదాపు రోజంతా కుర్చీలో మడిచిపెట్టగా అలసిన ఒళ్లు; పగలు = ఊరు చూపిస్తామని ఇంటిల్లిపాదీ బూట్లు వేసుకుని నిలబడ్డ వేళ; పరుపు ఎక్కమన్నట్లు = ఎవరో బతిమాలినట్లు; కునుకు వచ్చు = కూర్చున్నవాడు కూర్చున్నట్లే గురక పెట్టును; రాత్రి రెండు కొట్టన్ = రెండు కాగానే; నిద్ర రాదు = రాదంటే రాదు; ఎంతకైనన్ = విష్ణు సహస్రనామం రెండుమార్లు ముగించినా; ఇంటి గడియ = హైదరాబాదు కాలమును; విడువదు = వదలదు.

తాత్పర్యం: మనిషి దిగాడు, ఒళ్లింకా దారిలోనే ఉంది.

విశేషాలు: "రాత్రి రెండు" యతి కోసం పడిన మాట కాదు, లెక్క. మార్చి నుంచి నవంబరు దాకా డాలస్ మనకు పదిన్నర గంటలు వెనక. తక్కిన నెలల్లో పదకొండున్నర. మొదటి లెక్కన అక్కడ రెండంటే ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర, కుక్కరు మూత తీసే వేళ. అందుకే నాయకుడికి మెలకువతోపాటు ఆకలీ. పద్యంలో చోటు చాలక కవి వదిలేసిన ఘట్టం ఇదే. లైటు వెయ్యకుండా ఫ్రిజ్ వెలుతురులోనే అన్నం గిన్నె వెతుకుతాడు. మైక్రోవేవ్‌ను ఇంకొక్క సెకను ఉందనగా ఆపుతాడు. సున్నాకు వస్తే అది కూస్తుంది, కోడలు లేచి "మామయ్యగారూ, ఏమైనా చేసిపెట్టనా?" అంటుంది. పాపం, తెల్లారితే ఆమెకు ఆఫీసు. ఆవకాయ సీసా మూత మాత్రం ఎంత మెల్లగా తిప్పినా కిర్రుమంటుంది.

శంక: ఇది ఉత్త ప్రయాణపు బడలిక కాదా?

సమాధానం: కాదు. న్యూయార్కు నుంచి దక్షిణంగా ఎనిమిది గంటలు ఎగిరి లిమాలో దిగినవాడు ఒక రాత్రి పడుకుంటే తేరుకుంటాడు. ఆ రెండూళ్ల గడియారాలకు మహా అయితే గంట తేడా. తూర్పు పడమరల ప్రయాణానికే ఈ తిప్పలు. కంటి నరాలు ఒకదాన్నొకటి దాటే చోటికి కాస్త పైన, మెదడులో సుమారు ఇరవై వేల కణాల ముడి ఒకటుంది. ఒంట్లోని గడియారాలన్నిటికీ అదే పెద్ద. కంట్లో పడే వెలుతురును బట్టి రోజుకు ఇంచుమించు గంట చొప్పున సర్దుకుంటుంది, తొందరపెడితే వినదు. కణంలో ఈ గడియారం నడిచే తీరును పండు ఈగల్లో కనిపెట్టినందుకు హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి 2017లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. ఈగకున్న గడియారం మామయ్యగారికి ఉండదా?

మతాంతరం: "గడియ" అంటే తలుపు గడియేననీ, ఇంటికి సరిగ్గా తాళం వేశామో లేదోనన్న బెంగతోనే నిద్ర పట్టలేదనీ అత్తయ్యగారి వ్యాఖ్య. దీన్ని బొత్తిగా కొట్టిపారెయ్యలేం.

ప్రయోగవిధి: పగలు సోఫా జోలికి పోకుండా ఎండలో నడవాలి. భోజనం అక్కడి వేళకే చెయ్యాలి. కునుకు తప్పకపోతే అరగంటకు అలారం పెట్టుకోవాలి. ఇన్సులిన్, బీపీ మాత్రలు వాడే పెద్దలు మాత్రం అక్కడ ఏ వేళకు ఏది వేసుకోవాలో బయలుదేరకముందే డాక్టరుగారిని అడిగి కాగితం మీద రాయించుకోండి. రాత్రి రెండింటికి ఆ లెక్క తేలదు.