ఒత్తుగా నేసిన నారుమడి

వరి గురించి ఒకరికి చెప్పే అర్హత నాకు లేదు. నేనుండేది సోలాపూర్ పక్కన కుంభారిలో, 2006లో బీడీ కార్మికులకు అప్పగించిన 10,000 ఇళ్ల కాలనీలో. చుట్టూ జొన్న పండే నేల. నాకు వచ్చిన పని మరమగ్గం మీద టవళ్లు నేయడం. అయినా ఓ యాసంగిలో, జగిత్యాల వైపు ఊళ్లో సేద్యం చేసుకునే మా బావమరిదికి నారు పోయడం నేర్పబోయాను.

ఫోన్‌లో యంత్రం నాట్ల వీడియోలు చూశాను మరి. ట్రేలో మొలకలు సందు లేకుండా పచ్చగా లేచి ఉన్నాయి. టవలుకైనా నారుకైనా ఒత్తుదనమే నాణ్యం అనుకున్నాను. ఎకరం నాట్లకు 25 కిలోల విత్తనం, రెండు గుంటల మడి అన్నది మా బావమరిది ఊరి లెక్క. "రెండు గుంటలు దండగ, అంతా ఒక్క గుంటలో పొయ్యి" అని ఫోన్‌లోనే తీర్పిచ్చాను. అతను కాసేపు నసిగి, బావ మాట తీసెయ్యలేక సరేనన్నాడు.

అప్పుడు నాకు అర్థం కానిది ఒకటుంది. ట్రే నారును పదిహేను, ఇరవై రోజుల్లో నాటేస్తారు. మొక్కలు తిండికీ వెలుతురుకీ కొట్లాడుకునేలోపే మడి ఖాళీ అవుతుంది. యాసంగి చలిలో మామూలు నారు నెల దాటినా మడిలోనే ఉంటుంది. ఒత్తుగా పోస్తే కాడ సన్నబడి సాగుతుంది, వేర్లు పెనవేసుకుంటాయి.

ఆకులు పసుపెక్కాయని అతను ఫోన్ చేస్తే, చూడకుండానే యూరియా చల్లమన్నాను. రోగం చలిది. రాత్రి మడిలో చల్లబడిన నీళ్లను పొద్దున తీసేసి కొత్తవి పెట్టాలి. రాత్రిపూట కర్రల మీద పాలిథిన్ పట్టా కప్పి, పొద్దున తీసెయ్యాలి. జింకు లోపముంటే లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి పిచికారీ చెయ్యాలి. ఇవన్నీ ఆ ఊళ్లో చాలామందికి తెలుసు. నేను అడగలేదు, అతణ్ని అడగనివ్వలేదు.

పీకేటప్పుడు నారు వేర్లు తెగి చేతికొచ్చింది. నాటింది సరిగా పిలకలు వెయ్యలేదు. పక్కవాళ్ల దగ్గర మిగిలిన నారు కొనుక్కొచ్చి సందులు పూడ్చుకున్నాడు.

"బావా, ఇది బట్ట గాదు. నారుకు గాలాడాలె" అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

ఒక సెంటు మడిలో 2 కిలోల విత్తనం పలచగా చల్లి, 8 నుంచి 12 రోజుల లేత నారును ఒక్కొక్కటిగా నాటే శ్రీ పద్ధతి 2003 నుంచే మన పొలాల్లో ఉంది. నారుమడిని బాగు చెయ్యాలంటే విత్తనం పెంచడం కాదు, తగ్గించడమే మొదటి పని. దూరాన కూర్చుని ఫోన్‌లో సేద్యం చెప్పే నాలాంటి బావలు ఎవరికైనా ఉంటే, నారు పోసేదాకా ఆ ఫోన్ ఎత్తకండి.