అభ్యంతరం లేదనడానికే అభ్యంతరం

పీహెచ్‌డీ చేయాలంటే తెలివి కావాలనేది పాత మాట. మాలాగా నౌకరీ చేసుకుంటూ చేయాలంటే ముందు కావలసింది ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం. యూజీసీ 2022 నవంబర్‌లో ప్రకటించిన నిబంధనల్లో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి అనుమతి ఉంది. దాని కిందనే ఒక మెలిక కూడా ఉంది. పనిచేసే చోటి నుంచి మూడు ముక్కలు రాయించుకుని రావాలి. ఈ మనిషి చదువుకోవచ్చు అన్నది మొదటిది. ఇతని ఉద్యోగ బాధ్యతలు పోను పరిశోధనకు చాలినంత సమయం ఉంటుందన్నది రెండోది. కోర్సువర్క్‌కు అవసరమైతే పని నుంచి వదిలిపెడతామన్నది మూడోది. మొదటిది ఏ కంపెనీ అయినా ఇస్తుంది. చదువుకోవద్దని కాగితం మీద రాసేవాడు ఎక్కడా ఉండడు. మూడోది బతిమాలితే వస్తుంది. ఆ రెండోదాన్ని రాసిన పెద్దమనిషి మాత్రం హత్నూర వైపు ఎన్నడూ వచ్చి ఉండడు.

మాది హత్నూర మండలం. గుండ్లమాచునూరు, బోరపట్ల దిక్కు పోతే మందుల కంపెనీలు. టీ కొట్టు దగ్గర నిలబడ్డ నలుగురిలో ఇద్దరు కెమిస్ట్రీ చదివినవాళ్లే ఉంటారు. నేనూ ఆ బాపతే, ప్రొడక్షన్‌లో షిఫ్టు కెమిస్ట్‌ని. రాత్రి షిఫ్టులో రియాక్టర్‌లో క్రిస్టలైజేషన్ పెట్టినాక, ద్రావణం మెల్లగా చల్లారి మందు పలుకు కట్టేదాకా మాకు పెద్ద పని ఉండదు. అరగంటకోసారి టెంపరేచర్ చూసి బ్యాచ్ రికార్డులో రాయడమే. తొందరపడి చల్లబరిస్తే పలుకు సన్నబడి వడకట్టడం నరకమవుతుంది. కాబట్టి ఓపిగ్గా కూర్చోవడం కూడా మా డ్యూటీలో భాగమే. ఆ కూర్చున్నప్పుడే పుస్తకం తెరవొచ్చు. అంటే యూజీసీ అడిగిన ‘చాలినంత సమయం’ నిజంగానే ఉంది. ఉందని ఒప్పుకునే మొనగాడే లేడు.

ఎన్‌ఓసీ సంగతి పక్కన పెట్టి ముందు ఫారం పని చూద్దామనుకున్నాను. దరఖాస్తంతా ఆన్‌లైన్. నింపినాక ప్రింటు తీసి, మిగిలిన గడులు పెన్నుతో పూరించి, సర్టిఫికెట్లు జతచేసి యూనివర్సిటీకి మోసుకుపోవాలి. మరి ఆన్‌లైన్ దేనికని అడగకూడదు.

మందుల కంపెనీ మనిషి చేతికి ఫారం ఇస్తే ఏమవుతుందో అక్కడి సెక్షన్ క్లర్కు ఆ రోజు కళ్లారా చూశాడు. మా దగ్గర రికార్డులో ఖాళీ గడి వదలడం మహాపాపం. తర్వాత ఎవడైనా వచ్చి అందులో ఏదైనా రాస్తాడేమోనని ఆడిటర్ల అనుమానం. అందుకే రాయడానికేమీ లేని చోట అడ్డంగా గీత గీసి, ‘వర్తించదు’ అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేస్తాం. ఆ లెక్కన ప్రచురించిన పత్రాల గడికి గీత, సంతకం, తేదీ. పేటెంట్ల గడికి గీత, సంతకం, తేదీ. ఎంఫిల్ గడికీ అంతే. ఎంఫిల్‌ను ఆ 2022 నిబంధనలతోనే ఎత్తేశారు గాని ఫారంలో గడిని ఎత్తేయలేదు. ‘ఆఫీసు వాడకానికి మాత్రమే’ అన్న గడి కూడా ఖాళీగానే ఉంది మరి.

క్లర్కు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

“ఇంతమంది ఎవరయ్యా సంతకాలు పెట్టింది?”

“అన్నీ నావే సార్.”

“మేం అడిగింది ఒక్కటే గదా!”

“ఆడిట్ వస్తే ఇబ్బంది ఉండొద్దని సార్.”

“మాకు ఆడిట్ వస్తే ఈ ఫారం చూపియ్యను, దాచిపెడత,” అని పేజీ తిప్పాడు.

తర్వాతి పేజీలో జిల్లా దగ్గర ఆగాడు. నా పాత కుల ధ్రువీకరణ పత్రం మీద మెదక్ జిల్లా, ఆధార్ మీద సంగారెడ్డి జిల్లా. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడదీసినప్పుడు మేం గడప దాటకుండానే సంగారెడ్డి వాళ్లమైపోయాం. పక్కనున్న నర్సాపూర్ మెదక్‌లోనే ఉండిపోయింది. అసెంబ్లీకి ఓటేసేది మాత్రం ఆ నర్సాపూర్ నియోజకవర్గంలోనే. ఎమ్మెల్యేది ఆ జిల్లా, కలెక్టర్‌ది ఈ జిల్లా అని నేను చెబుతుంటే ఆయన రాష్ట్రం దాకా పోనివ్వకుండా చెయ్యి అడ్డం పెట్టాడు. డిగ్రీ పట్టా మీద ఆంధ్రప్రదేశ్ అని ఉందన్న సంగతి ఆయన ఇంకా చూడలేదు.

“గింత దగ్గర్ల కందిల అంత పెద్ద కాలేజుండంగ పట్నం ఎందుకు తిరుగుతున్నవ్ బిడ్డా?” అంటుంది మా అమ్మ. ఆమె చెప్పేది ఐఐటీ గురించి. 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో మొదలై, 2015లో కందికి వచ్చింది. పేరు హైదరాబాద్‌ది, ఉన్నది సంగారెడ్డి పక్కన. బస్సు కిటికీలోంచి చూడడానికి దగ్గరే, అందులో కాలు పెట్టడానికే దూరం.

గైడ్ దొరకడం ఇంకో పురాణం. నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ కింద ఒకేసారి 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ కింద 6, అసిస్టెంట్ ప్రొఫెసర్ కింద 4 స్కాలర్లకు మించి ఉండకూడదు. ఫోన్ చేస్తే అందరూ “హౌస్‌ఫుల్” అనేవాళ్లే. ప్రవేశ పరీక్షలో సగం రీసెర్చ్ మెథడాలజీ, సగం సబ్జెక్టు. రాతకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం. ఇకపై నెట్ స్కోరుతోనే సీటివ్వొచ్చని 2024లో ఇంకో మాట వచ్చింది. ఆ జూన్ 18న పెట్టిన నెట్‌ను మర్నాడే రద్దు చేశారు. ఇది ఎవరి రీసెర్చ్ మెథడాలజీయో తెలియదు.

అసలు దేని మీద పరిశోధన అంటారా? ముందు మా నీళ్ల మీదే చేద్దామనుకున్నాను. 2007లో యోకిం లార్సన్ అనే స్వీడన్ ఆచార్యుడి బృందం, పటాన్‌చెరు ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించి, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని ప్రచురించింది. ఆ గోళీ మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. శుద్ధి చేసినాక ఉన్న లెక్క ఇది! నీళ్లు మావి, పేపరు వాళ్లది. ఈ రెండూ ఒక్కచోటికి తెద్దామన్న నా ఉత్సాహం విని మా షిఫ్ట్ ఇన్‌ఛార్జి నెత్తి కొట్టుకున్నాడు. “ఆ టాపిక్ మీద మన కంపెనీని ఎన్‌ఓసీ అడుగుతవా? అండ్ల ‘నో’ అన్న ముక్కొక్కటే ఇస్తరు తమ్మీ.”

కాబట్టి ఎవరికీ నొప్పి తగలని సందేహం ఒకటి ఎంచుకున్నాను. ఒకే మందు, ఒకే రియాక్టర్, ఒకే కొలతలు. ఒక బ్యాచ్ సెంట్రిఫ్యూజ్‌లో వెయ్యగానే నీరొదిలి పొడిపొడిగా వస్తుంది, ఇంకోటి జావలా గుడ్డకు పట్టుకుని షిఫ్టంతా మింగుతుంది. ఎందుకు? నాకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది. ఎన్నో రాత్రుల నిద్ర తిన్న ప్రశ్న అది. ప్లాంట్ మేనేజర్‌ను అడిగితే “ఎండాకాలం చిల్లర్ అందుకోదు, గంతే” అన్నాడు. ఎట్టకేలకు ఖాళీ ఉన్న ఒక ప్రొఫెసర్ నా సినాప్సిస్ చదివి, “ఇందులో కొత్తదనం ఏముందమ్మా?” అన్నాడు. చిల్లర్ సంగతి ఆయనకు తెలియదు, కొత్తదనం సంగతి మేనేజర్‌కు అక్కర్లేదు. అయినా ఆ ప్రొఫెసర్ మంచివాడు. “ముందు ఎన్‌ఓసీ పట్టుకురా, కొత్తదనం తర్వాత చూసుకుందాం” అన్నాడు.

తిరిగి తిరిగి మా హెచ్‌ఆర్ మేనేజర్ గారి క్యాబిన్‌కే వచ్చాను. ఆయనది గుంటూరు వైపు. ఫార్మాట్‌ను పెదవులు కదుపుతూ చదివి రెండో ముక్క దగ్గర వేలు పెట్టాడు.

“చాలినంత సమయం ఉందని నేను సంతకం పెడితే, ఈ కాగితం రేపు హెడ్డాఫీసులో ఎవరి కంటనైనా పడిందనుకో. ముందు నీ పోస్టు ఎందుకంటారు. తర్వాత నా పోస్టు ఎందుకంటారు.”

“లేదని రాస్తే సీటు రాదు సార్.”

“ఉందని రాస్తే సీటే ఉండదయ్యా.”

మనిషి ఘటికుడు. తనే ఒకటి తయారుచేసి ఇచ్చాడు. విధి నిర్వహణకు భంగం కలగని పక్షంలో, విధి సమయానికి వెలుపల, సదరు ఉద్యోగికి సమయం దొరికిన ఎడల, అతనికి సమయం ఉన్నదని చెప్పుటకు సంస్థకు అభ్యంతరం లేదట. యూనివర్సిటీలో క్లర్కు దాన్ని చదివి, “ఇచ్చినట్టా, ఇయ్యనట్టా?” అని వెనక్కిచ్చాడు. ఫార్మాట్‌లో ఉన్నది ఉన్నట్టే కావాలన్నాడు.

మళ్లీ క్యాబిన్. ఈసారి ఆయన లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నాడు.

“ఈ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ మేనేజ్‌మెంట్‌లో కూడా ఉందా?”

“ఉంది సార్. పీజీలో 55 శాతం ఉంటే చాలు.”

“ఉందిలే. మరి నా ఎన్‌ఓసీ మీద ఎవరు పెట్టాలి సంతకం?”

“ఎండీ గారే అయ్యుంటారు సార్.”

కాసేపు పెన్ను టేబుల్ మీద కొడుతూ కూర్చున్నాడు. నా కాగితం లాక్కుని, ఫార్మాట్‌లో ఉన్నది ఉన్నట్టే సంతకం పెట్టి, రౌండ్ సీల్ కూడా వేశాడు. ఆ ఫార్మాట్ తన ఫోన్‌కు పంపమన్నాడు. నేను లేచి దండం పెట్టి తలుపు దాకా వచ్చాక వెనక నుంచి పిలిచాడు.

“నా విషయంలో ఆ రెండో ముక్క నిజమేనయ్యా,” అన్నాడు. “ఎండీ గారికి తెలియకుండా ఉండాలి, అంతే.”