అంగుళాల చిన్నాయన

మైదుకూరు నాలుగు రోడ్ల కాడ ఎవరైనా 'బోరు' అన్నారంటే అది నీళ్ల బోరే. ఎన్నడుగులు పోయింది, ఎన్నించులు పడింది, కేసింగు ఎంతవరకు దింపినారు, ఈ మూడూ అయినాకే ఇంట్లో వాళ్ల బాగోగులు. అదే మాట మా అంగుళాల చిన్నాయన నోటెంట వస్తే మాత్రం తుపాకి. ఒకరోజు ఆయన టీ బంకు బల్ల మీద కూచుని "పన్నెండు బోరు మాదిరి నమ్మకమైంది ఇంకోటి ల్యాదబ్బా" అంటుంటే, బద్వేలు బస్సు కోసం నిలబడిన రైతు ఒకాయన చెవిన పడింది. "పన్నెండు ఏసినావా సామీ! ఒక్కదాంట్లోనన్నా నీళ్లు పడినాయా?" అని కండ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశాడు.

చిన్నాయనకు తుపాకి లేదు. ఉండేది లేదు. ఒక్క గుండు పేల్చిన పాపాన పోలేదు. దీపావళికి మనవడి బొమ్మ తుపాకిలో రీలు పెట్టి పేల్చమంటే చెయ్యి బారెడు చాచి, మొహం పక్కకు తిప్పి, కండ్లు మూసుకుని నొక్కుతాడు. అయినా మా ఊళ్లో తుపాకి గురించి ఆయన్ను కాదని ఎవరూ మాట్లాడరు. ఇట్లాంటి మనిషి ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. కారు లేనాయన మైలేజీ చెబుతాడు, సెంటు భూమి లేనాయన రిజిస్ట్రేషన్ లొసుగులు చెబుతాడు. కొన్నవాడికి ఒక వస్తువు గురించే తెలుస్తుంది. కొననివాడికి అన్నీ తెలుస్తాయి.

పన్నెండు బోరంటే పన్నెండు గుండ్లు పేలేదని మా బజారులో సగం మంది నమ్మకం. కాదు. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే, ఒక్కో గుండు ఎంత లావుంటుందో ఆ గొట్టం లోపల అంత వెడల్పు. ఇది చిన్నాయన చెప్పిందే, నిజమే. ఆయనతో చిక్కు అక్కడే ఉంది. చెప్పేదాంట్లో ముక్కాలు వంతు నిజం. తప్పులన్నీ కొలిచేకాడ వస్తాయి.

ఆ కొలత ఆయనకు పాత వృత్తిలోంచి వచ్చింది. ఇరవయ్యేండ్లు బోరు బండ్లకు ఏజెంటుగా తిరిగాడు. బండ్లు పోయినా చొక్కా జేబులో ఇనుప టేపు మిగిలింది. ఆ టేపుకు మొదటి రెండంగుళాలు ఎప్పుడో తెగిపోయాయి, తెగిన కాడ మడత పడి తుప్పు పట్టింది. కొలిచినాక రెండు తీసేయాలి. చిన్నాయనకు కూడటం వచ్చుగానీ తీసేయడం మొదటినుంచీ ఇష్టం లేదు. ఆ టేపుతో కొలిచి చేయించిన మంచాలు పొట్టివై, పడుకున్నవాళ్ల కాళ్లు బయటికే వేలాడతాయి.

పెండ్లికి పోతే మనం పెండ్లికూతురి నగలు చూస్తాం, పొద్దటూరులో చేయించినారా, ఎన్ని తులాలు అని. చిన్నాయన నాయకుడి వెనక నిలబడిన గన్‌మెన్‌ను చూస్తాడు. పప్పు వడ్డించి నెయ్యి వచ్చే లోపల భుజాన ఉన్నదేందో తేల్చేస్తాడు. అక్కడ టేపు పెట్టలేడు గనక పూలంగడి లెక్క. పొట్టి కార్బైనైతే జానకు రోంత తక్కువ. ఏకే ఫార్టీసెవెన్ అయితే పదహారంగుళాల చిల్లర, అంటే మూరకు రెండు తక్కువ. ఇన్సాస్ మూరకు కాస్త పైన. పాత ఎస్సెల్లార్ మూర మీద మూడంగుళాలు. అంతకు ముందుకాలపు త్రీనాట్‌త్రీ పాతికంగుళాలు, మూరన్నరకు రెండు తక్కువ. మూర అంటే పద్దెనిమిదంగుళాలని లెక్క. పూలమ్మే ఆమె మూర వేరు, కొనుక్కునే ఆమె మూర వేరని చిన్నాయనకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఎస్సెల్లార్ అంటే ఆయనకు ప్రాణం. ట్రిగ్గరు నొక్కిన ప్రతిసారీ ఒక్క గుండే పోతుంది, ఇంకోటి దానంతటదే వచ్చి కూచుంటుంది. సెమీ ఆటోమేటిక్ అంటే ఇంతే. దాన్ని మా వైపు చూడాలంటే పోలీసు భుజాన చూడాల్సిందే. చెనిక్కాయ చేనును పందులు దున్నిపోతాండాయని కలెక్టరాఫీసులో అర్జీ పెట్టుకునే రైతుకు అట్లాంటిది వచ్చే ముచ్చట లేదు. 1959 నాటి ఆయుధాల చట్టం నిషిద్ధమని గీత గీసింది. ఆ గీత అవతల సంగతి తేల్చేది ఢిల్లీ. ఆ చట్టమూ దాని రూల్సూ చిన్నాయన చదువుకున్నాడు, తన పద్ధతిలో. నున్నటి గొట్టం తుపాకి ఇరవై అంగుళాల కంటే పొట్టిగా ఉంటే అదీ నిషిద్ధమే. ఉన్న గొట్టాన్ని కోసి పొట్టి చేసుకోవాలన్నా లైసెన్సు ఉండాలి, ఆరో సెక్షను. పంచెలో దోపుకుని తిరక్కుండా పెట్టిన నిబంధన అది. చిన్నాయన దాంట్లోంచి ఇంకో నీతి తీశాడు: "సూసినావా, పొడుగు గొట్టమే మంచిదని గవర్నమెంటే ఒప్పుకునింది."

ఆయన సిద్ధాంతం మొత్తం ఒక్క మాటలో ఉంది. "గొట్టమైనా బోరైనా ఒకటే. ఎంత పోతే అంత ఫలితం."

ఈ మాట మా జిల్లాలో అనడానికి గుండె ధైర్యం కావాలి. వెయ్యడుగులు పోయి దుమ్ము లేపిన బోర్లు ఎన్ని లేవు! తుపాకి గొట్టమూ అంతే. మందు కాలి గాలి పొంగినంతసేపే గుండుకు తోపు. పాయింట్ టూటూ లాంటి చిన్న తూటాలో ఆ కాస్త మందూ పదహారంగుళాల లోపలే పనైపోతుంది. ఆపైన ఎంత గొట్టం ఉన్నా గుండుకు కలిసొచ్చేది లేదు, రాపిడి తప్ప. పెద్ద తూటాలకు పొడుగుతో వేగం పెరిగే మాట నిజమే గానీ దానికీ ఒక హద్దుంటుంది. ఇది నేను చెబితే చిన్నాయన టీ గ్లాసు కింద పెట్టి, "నువ్వు ఎన్ని బోర్లు ఏయించినావు?" అన్నాడు. ఒక్కటీ లేదు. వాదన అక్కడితో ముగిసింది.

ఇంతలో ఆయన కీర్తి సముద్రాలు దాటింది.

మా తమ్ముడు వరసవాడు ఒకడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. పన్నెండేండ్లు ఎదురుచూసినాక గ్రీన్‌కార్డు వచ్చింది. టెక్సాస్‌లో అడవిపందుల బెడద మనకంటే ఎక్కువ. ఎప్పుడో పెంపుడు పందులు తప్పించుకుపోయి, అడవిపందులతో కలిసి, పొలాల మీద పడ్డాయి. మా దగ్గర లంకమల అడవి నుంచి దిగే పందులకు రైతు చేను చుట్టూ పెండ్లాం పాత చీరలు కడతాడు, రాత్రంతా డబ్బా కొడతాడు, ఓపికుంటే టపాకాయలు కాలుస్తాడు. అక్కడ రైఫిలెత్తుకుని పోతారు. 2019 నుంచి పొలం యజమాని ఒప్పుకుంటే దానికి వేట లైసెన్సు కూడా అక్కర్లేదు. తోటి ఉద్యోగులు పందుల వేటకు రమ్మని వీణ్ని పిలిచారు. రైఫిలు కొనాలి, ఏఆర్-15. అంగట్లోవాడు అడిగిన మొదటి ప్రశ్న, గొట్టం పదహారా, పద్దెనిమిదా, ఇరవయ్యా?

వీడు తెల్లమొహం వేస్తే పక్కనున్న గుంటూరు మిత్రుడు నవ్వాడట. "కడపోడివి, నీకు మేం చెప్పాలా?" అని. అదీ బాధ. 1999లో సమరసింహారెడ్డి వచ్చింది, 2002లో ఇంద్ర వచ్చింది, ఆ వరసలో మా సీమ పేరు చెప్పి గాల్లోకి లేచిన సుమోలకు లెక్కలేదు. వీడు మైదుకూరులో ఉన్నన్నాళ్లూ చూసిన ఒకే ఒక్క తుపాకి బ్యాంకు గన్‌మాన్‌ది. ఆయన దాన్ని గోడకు ఆనించి, గోడకు తానూ ఆనుకుని, మధ్యాన్నం కునికేవాడు. ఆ సంగతి చెప్పుకుంటే ఫ్రిస్కోలో పరువేముంటుంది? రాత్రికి రాత్రి చిన్నాయనకు వీడియో కాల్ చేశాడు.

ఆ కాల్ సంక్రాంతి రోజు వచ్చింది. మేమంతా అరుగు మీదే ఉన్నాం. చిన్నాయన ఫోను దూరంగా పట్టుకుని, గొంతు తగ్గించి, డాక్టరు మాదిరి అడిగాడు. "పంది ఎంత దూరంలో ఉంటాది?"

"వంద గజాలు చిన్నాయనా. రాత్రిపూట."

"ఇరవై తీసుకో."

"పదహారైతే తేలిక, పొదల్లో తిప్పుకోను బాగుంటాదని అంగడాయన చెప్తాండాడు."

"ఆయన మిగిలిపోయింది అంటగడ్తాడు లే. పదహారంటే మూరకు రెండు తక్కువ. ఇరవై అంటే మూర మీద రెండు కొసరు. కొసరిస్తే వద్దనేవాడు యాడన్నా ఉంటాడా?"

నేను కల్పించుకుందామని చూశాను. నాకు తెలిసినంతవరకు అంగడాయన మాటే నిజం. ఆ తూటాకు అంగుళం తగ్గితే సెకనుకు పాతిక నుంచి యాభై అడుగుల వేగం పోతుందంటారు. వంద గజాల్లో ఉన్న పందికి ఆ తేడా తెలియదు. గురి సంగతంటారా, ఒకే మందం ఉన్న గొట్టాల్లో పొట్టిదే బిగువుగా ఉంటుంది, తక్కువ ఊగుతుంది. పొట్టిదానికి మంట ఎక్కువ, చప్పుడు ఎక్కువ, అంతే. అమెరికాలో మామూలుగా కొనుక్కునే రైఫిలు గొట్టం పదహారుకు తగ్గకూడదని చట్టం ఉంది గనక అంగళ్లలో ఆ కొలతే ఎక్కువ. తమాషా ఏమిటంటే, 1934లో ఆ చట్టం పెట్టినప్పుడు హద్దు పద్దెనిమిది, అంటే సరిగ్గా మన మూర. 1960లో పదహారుకు దించారు. ఈ ముక్క చెప్పగానే చిన్నాయన మొహం వెలిగింది. "సూడు, మూరతోనే మొదులుపెట్టినారు. తర్వాత పాడు చేసుకున్నారు."

ఫోనులో తమ్ముడు అన్నీ రాసుకున్నాడు.

2024 మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. ఆ మర్నాటి నుంచే లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పగించమని కబుర్లు. మా మేనమామకు వాళ్ల నాయన నాటి డబుల్ బ్యారెల్ ఒకటుంది, పంట కాపలాకు తీసుకున్నది. దాని జీవితంలో పందిని చూసింది తక్కువ, పోలీసు స్టేషన్ బీరువాను చూసింది ఎక్కువ. పంచాయతీ ఎన్నికలు, మునిసిపల్ ఎన్నికలు, అసెంబ్లీ, పార్లమెంటు, ప్రతిదానికీ పుట్టింటికి పోయినట్టు పోయి వస్తుంది. మామకు మోకాళ్ల నొప్పి. స్కూటరు నడపగలడు గానీ తుపాకి పట్టుకోను మనిషి కావాలి. "నేనుండా గదా" అన్నాడు చిన్నాయన. అన్నంత తేలిగ్గా లేదు, గొంతు కొంచెం పూడుకుపోయింది. అరవై రెండేండ్లకు మొదటిసారి ముట్టుకోబోతున్నాడు మరి.

మామ తుపాకి విరిచి, రెండు గొట్టాల్లోంచి ఆకాశం చూపించి, ఖాళీ అని ఒట్టేసి, పాత దుప్పట్లో చుట్టి ఇచ్చాడు. ఈనిన ఆవు దగ్గరికి పోయినవాడి మాదిరి చిన్నాయన పక్కనుంచి వచ్చి అందుకున్నాడు. నేను బండి మీద వెనకాలే పోతున్నాను గనక మొత్తం చూశాను. నిలబెట్టి పట్టుకుంటే అంగళ్ల ముందు కట్టిన పరదా తాడు దుప్పట్లో చిక్కుకుని, ఎర్రకారం దోసెల బండి నీడ సగం ఊడొచ్చింది. కిందికి దింపితే మామ వీపులో పొడుచుకుంది. "ఒరే, తియ్యరా దాన్ని!" అని మామ అరిస్తే అడ్డంగా తిప్పాడు. అడ్డంగా తిప్పిన తుపాకి రోడ్డుకు గేటు మాదిరి అయింది. పొద్దటూరు నుంచి వచ్చే ఆటో అద్దం తగిలి లోపలికి మడుచుకుంది. ఆటోవాడు తిట్టబోయి, దుప్పటి కొసలోంచి తొంగిచూస్తున్న రెండు ఇనుప కండ్లను చూసి, అద్దం తనే సరిచేసుకుని, "పొరపాటయింది పెద్దాయనా" అని పోయాడు. కడప జిల్లాలో తుపాకి పనిచేయడం నేను చూసింది ఆ ఒక్కసారే.

స్టేషన్లో కానిస్టేబుల్ రిజిస్టరు తీసి నంబరు, బోరు రాసుకున్నాడు. చిన్నాయనకు చెమటలు. అయినా పాత అలవాటు ఊరుకోలేదు, జేబులోంచి టేపు తీసి గొట్టం పొడుగునా పరిచాడు. "ముప్పైరెండు."

"ముప్పయ్యే" అన్నాడు మామ. "మా నాయన చెప్పేవాడు."

"టేపు అబద్ధం చెప్పదు బావా."

కానిస్టేబుల్ కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "కోసి పొట్టి చేస్తే కేసుండాది పెద్దాయనా. పెరిగిన తుపాకికి యా సెక్షను పెట్టాల్నో నాకు తెలీదు. పోయేసి ఎస్సైని అడిగేదా?"

చిన్నాయన టేపును చూశాడు. తెగిన కొసను బొటనవేలితో తడిమాడు. ఇరవయ్యేండ్లలో మొదటిసారి రెండు తీసేశాడు.

తిరిగొచ్చేటప్పుడు స్కూటరు వెనక ఖాళీ చేతులతో కూచుని ఒక్క మాట మాట్లాడలేదు. రెండు రోజులు బంకు కాడికి రాలేదు, భుజం పట్టేసిందట. మూడోరోజు వచ్చి కూచున్నాడు. ఎవరో బోరు సంగతి ఎత్తితే, "పదహారు శానబ్బా. అంతకు మించి మనిషన్నవాడు మోయలేడు" అన్నాడు. అడిగింది నీళ్ల బోరు గురించి. అడిగినాయన పదహారు అడుగులా, పదహారు వందలా అని ఆలోచనలో పడ్డాడు.

ఆ సాయంత్రం అరుగు మీద నాతో ఫోను కలపమన్నాడు. ఫ్రిస్కోలో అప్పుడే తెల్లవారింది. తమ్ముడు పండ్లు తోముకుంటూనే తెర మీదికి వచ్చాడు.

"అబ్బీ, ఆ గొట్టం సంగతి ఇంగోసారి ఆలోచన చేసినా..."

"కొనేసినా చిన్నాయనా! నువ్వు చెప్పినట్టే ఇరవై. వాళ్లంతా పదహారే తీసుకున్నారు. నాది సూసి, కడపోడనిపించినావురా అన్నారు."

చిన్నాయన కొంచెంసేపు ఫోను వైపు చూశాడు. మెల్లగా కుడి భుజం రుద్దుకున్నాడు.

"ఇరవయ్యా? మంచిపని చేసినావు" అన్నాడు. "నీకు స్కూటరు ల్యాదు గదా."